ఎగుమతి కాగితాలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో మిర్చి ఉంది, లక్కబొమ్మలున్నాయి, అమెరికాలోని కూతురికి పంపాల్సిన ఆవకాయ కూడా ఉంది. సరుకులు వేరైనా అందరూ అడిగింది కస్టమ్స్ కాగితాల గురించే. ఒకే తరహా ప్రశ్నల్ని కలిపి ఒక్కచోట జవాబిచ్చాం.

ప్రశ్న: యార్డులో మాది కమీషన్ వ్యాపారం. మలేషియా నుంచి తొడిమ తీసిన తేజ మిర్చి 14 టన్నులు అడుగుతున్నారు. ఇంతవరకు ఎగుమతి చేసిన అనుభవం లేదు. సరుకు ఏసీలో (శీతల గిడ్డంగిలో) ఉంది. కాగితాల పని ఎక్కడ మొదలుపెట్టాలి?
— గుంటూరు నుంచి ఒక పాఠకుడు

సరుకును ఏసీలోనే ఉండనివ్వండి. ముందు మీ పేరు మీద ఉండాల్సిన కాగితాలు సిద్ధం కావాలి. లేకపోతే లారీ రేవు దగ్గర నిలబడి ఉంటుంది, మీరు బ్యాంకు చుట్టూ తిరుగుతుంటారు.

మొదటిది ఐఈసీ, అంటే ఎగుమతిదారు కోడ్. కేంద్ర విదేశీ వాణిజ్య విభాగమైన డీజీఎఫ్‌టీ వెబ్‌సైటులో 500 రూపాయలు కట్టి తీసుకోవాలి. మీ పాన్ నంబరే ఐఈసీ నంబరు అవుతుంది. తీసుకున్నాక చాలామంది మరిచిపోయే పని ఒకటుంది. వివరాలేమీ మారకపోయినా ఏటా ఏప్రిల్–జూన్ మధ్య అదే సైటులోకి వెళ్లి దాన్ని అప్‌డేట్ చేయాలి. చేయకపోతే కోడ్ నిలిచిపోతుంది, షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి ప్రకటన) దాఖలు కాదు. అప్‌డేట్ చేస్తే తిరిగి పనిచేస్తుంది గానీ, ఓడకు సరుకు అందించాల్సిన గడువు ఆలోగా దాటిపోవచ్చు.

రెండోది ఏడీ కోడ్, అంటే మీ ఎగుమతి డబ్బు వచ్చే బ్యాంకు శాఖ కోడ్. విదేశీ మారకం వ్యవహరించే శాఖలో మీ సంస్థ పేరు మీద కరెంటు ఖాతా ఉండాలి. ఆ బ్యాంకు తన లెటర్‌హెడ్ మీద ఏడీ కోడ్ లేఖ ఇస్తుంది. దాన్ని కస్టమ్స్ వారి ఐస్‌గేట్ పోర్టల్‌లో నమోదు చేయాలి. డ్రాబ్యాక్ (ముడిసరుకు మీద పడిన సుంకం వాపసు), జీఎస్టీ రిఫండ్ లాంటి డబ్బు వచ్చి పడే ఖాతాను కూడా అక్కడే నమోదు చేయాలి. విశాఖ నుంచి పంపుతారా, చెన్నై నుంచా, మర్రిపాలెం ఐసీడీ (రేవుకు దూరంగా ఉండే కంటైనర్ డిపో) నుంచా అన్నది ముందే తేల్చుకోండి. మీరు ఎంచుకున్న చోట మీ ఏడీ కోడ్‌కు ఆమోదం కనిపిస్తోందో లేదో సీహెచ్‌ఏ చేత చూపించుకోండి. సీహెచ్‌ఏ అంటే లైసెన్సు ఉన్న కస్టమ్స్ బ్రోకరు. లేఖ ఇచ్చేశాం కదా అని ఊరుకుంటే చాలదు, సిస్టమ్‌లో ఆమోదం పడాలి.

మూడోది ఎల్‌యూటీ, అంటే జీఎస్టీ శాఖకు ఇచ్చే హామీ పత్రం. జీఎస్టీ పోర్టల్‌లో ఆర్‌ఎఫ్‌డీ-11 ఫారం నింపి ఇద్దరు సాక్షుల పేర్లు ఇస్తే చాలు, ఫీజు లేదు. ఇది ఉంటే ఐజీఎస్టీ (ఎగుమతుల మీద పడే జీఎస్టీ) కట్టకుండానే సరుకు పంపవచ్చు. ఒక ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది కాబట్టి మార్చి 31తో పాతది ముగుస్తుంది. ఏప్రిల్‌లో మొదటి ఇన్వాయిస్ రాసేలోపే కొత్తది వేయాలి. ఎల్‌యూటీ మీద రాసిన ఇన్వాయిస్ తేదీ నుంచి 3 నెలల్లో సరుకు దేశం దాటాలి. దాటకపోతే ఆ పన్ను 18 శాతం వడ్డీతో కట్టాల్సి వస్తుంది. అందుకే ఓడ ఖరారు కాకముందే ఇన్వాయిస్ రాసి పెట్టుకోవద్దు.

మిర్చి సుగంధ ద్రవ్యాల కిందికి వస్తుంది కాబట్టి స్పైసెస్ బోర్డు దగ్గర ఎగుమతిదారుగా నమోదు కావాలి. ఆ సర్టిఫికెట్‌నే సీఆర్‌ఈఎస్ అంటారు. ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే లైసెన్సూ ఉండాలి.

ఇక కొనేవారి దేశం ఏం అడుగుతుందన్నది. ఇక్కడ ఊహలు వద్దు. మలేషియాలో మీ సరుకు విడిపించే క్లియరింగ్ ఏజెంటు చేత అవసరమైన కాగితాల జాబితాను ఈమెయిల్లో రాయించుకోండి. మామూలుగా ఎండుమిర్చికి ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (సరుకులో పురుగు, తెగులు లేవన్న పత్రం), ఫ్యూమిగేషన్ సర్టిఫికెట్ (పురుగు చావడానికి పొగ పెట్టారన్న పత్రం), ఆసియాన్ ఒప్పందం కింద సుంకం తగ్గేందుకు 'ఫారం ఏఐ' అనే పుట్టుక సర్టిఫికెట్ అడుగుతారు. వీటికి ఒక వరుస ఉంది. ఫైటో సర్టిఫికెట్‌ను ప్లాంట్ క్వారంటైన్ అధికారి సరుకు చూసి ఇస్తారు, కాబట్టి సరుకు ఓడ ఎక్కకముందే తీసుకోవాలి. కంటైనర్ వెళ్లిపోయాక దానికోసం తిరిగినా ప్రయోజనం లేదు. పుట్టుక సర్టిఫికెట్‌కు ఓడ పేరు, బీఎల్ (ఓడ సంస్థ ఇచ్చే రవాణా పత్రం) వివరాలు కావాలి, అందువల్ల అది చివర వస్తుంది. ఓడ వెళ్లాక రోజులు గడిపి తీసుకుంటే దాని మీద తర్వాత జారీ చేసినట్లు గుర్తు పడుతుంది. అది చెల్లుతుంది కానీ అక్కడి అధికారులు మరిన్ని ప్రశ్నలు వేస్తారు.

ప్రశ్న: ఇన్వాయిస్‌లో 'స్పైసెస్, 560 బ్యాగులు' అని రాసి పంపితే సీహెచ్‌ఏ వెనక్కి పంపారు. ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు అసలు ఎలా ఉండాలి?
— ఖమ్మం, గుంటూరు, వరంగల్ పాఠకులు

వెనక్కి పంపి మీకు మేలే చేశారు. అదే కాగితం మీద షిప్పింగ్ బిల్లు వేసి ఉంటే కష్టం మీదయ్యేది. షిప్పింగ్ బిల్లులోని ప్రతి గడీ ఈ రెండు కాగితాల నుంచే నిండుతుంది.

సరుకు వివరణతో మొదలుపెడదాం. కస్టమ్స్ అధికారి బస్తా విప్పకుండానే అందులో ఏముందో ఊహించగలగాలి. 'స్పైసెస్' చదివితే అది మిర్చో పసుపో ధనియాలో తెలియదు. 'ఎండుమిర్చి, తేజ రకం, తొడిమ లేనిది, కాయ రూపంలో, 25 కిలోల జనపనార బస్తాల్లో' అన్న అర్థం వచ్చేలా ఇంగ్లీషులో రాయండి. కాయా పొడా అన్నది తప్పనిసరిగా ఉండాలి, ఎందుకంటే హెచ్‌ఎస్ కోడ్ (సరుకును గుర్తించే అంతర్జాతీయ సంఖ్య) అక్కడే రెండుగా చీలుతుంది. ఎండు కాయ అయితే 0904 21, దంచినా పొడి చేసినా 0904 22. చిల్లీ ఫ్లేక్స్ కాయలు కావు, అవి రెండో దాని కిందికే వస్తాయి. మన టారిఫ్‌లో కోడ్‌కు 8 అంకెలుంటాయి. కొనేవారి దేశంలో చివరి అంకెలు మారవచ్చు కానీ మొదటి 6 ఎక్కడైనా ఒకటే. ఇన్వాయిస్‌లో 6 అంకెలు తప్పుగా పడితే అవతలి రేవులో వేరే సుంకం పడుతుంది, పుట్టుక సర్టిఫికెట్‌తోనూ పొసగదు.

తర్వాత బరువు. మీ సరుకుతోనే లెక్క వేద్దాం. 560 బస్తాలు, ఒక్కోదాంట్లో నికరంగా 25 కిలోలు, అంటే 14,000 కిలోలు. ఖాళీ బస్తా 400 గ్రాములనుకుంటే 560 బస్తాలకు 224 కిలోలు. స్థూల బరువు 14,224 కిలోలు. నికర బరువు 14,000, స్థూల బరువు 14,224 అన్న ఈ రెండు అంకెలే ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు, షిప్పింగ్ బిల్లు, బీఎల్, ఫైటో, ఫ్యూమిగేషన్, పుట్టుక సర్టిఫికెట్ అన్నింట్లోనూ మారకుండా రావాలి. ఎక్కువ తప్పులు దొర్లేది ఇక్కడే. యార్డు అలవాటులో టిక్కీకి (బస్తాకు) ఇంత అని ఉజ్జాయింపుగా బరువు చెబుతాం. బస్తాలు నింపాక కొన్ని 24.8, కొన్ని 25.3 తూగుతాయి. ప్యాకింగ్ లిస్టు రాసే మనిషి కాటా చీటీ చూసి 14,031 వేస్తాడు, ఇన్వాయిస్ రాసే మనిషి ఆర్డరు చూసి 14,000 వేస్తాడు. అందుకే ప్రతి బస్తానూ 25 కిలోలకు సరిచేసి కుట్టించండి. కుట్టేశాక కాగితాన్ని బస్తాకు సరిపెట్టే ప్రయత్నం వద్దు.

ప్యాకింగ్ లిస్టులో బస్తాల గుర్తులు, వరుస సంఖ్యలు రాయండి. రెండు లాట్లుంటే 1 నుంచి 300 వరకు మొదటిది, 301 నుంచి 560 వరకు రెండోది అని విడదీయండి. పరీక్షకు శాంపిల్ తీసిన లాటు నంబరే బస్తా మీదా ఉండాలి. ఐరోపా దేశాలకు పంపేవారికి ఇది మరీ ముఖ్యం. మిర్చిలో బూజు వల్ల పుట్టే విషం అఫ్లటాక్సిన్ బీ1 కిలోకు 5 మైక్రోగ్రాములు, మొత్తం అఫ్లటాక్సిన్లు 10 మైక్రోగ్రాములు దాటకూడదన్నది అక్కడి నియమం. పరీక్ష నివేదికలోని లాటు ఒకటి, బస్తా మీది లాటు మరొకటి అయితే ఆ నివేదిక ఈ సరుకుది కానట్లే.

ఇక ధర. ఎఫ్‌ఓబీ (ఓడ ఎక్కించేవరకే ధర), సీఐఎఫ్ (ఓడ కిరాయి, బీమా కలిపిన ధర) అన్న మూడక్షరాలను అంకె పక్కన వేసి వదిలేయకండి, రేవు పేరు కూడా రాయండి. 'సీఐఎఫ్ పోర్ట్ క్లాంగ్' అంటే మలేషియాలోని ఆ రేవు వరకు ఓడ కిరాయి, బీమా మీవి. అప్పుడు ఆ రెండూ విడిగా చూపించాలి, ఎందుకంటే షిప్పింగ్ బిల్లులో కస్టమ్స్ చూసేది ఎఫ్‌ఓబీ విలువ. లెక్క తెలియడానికి మాత్రమే ఈ అంకెలు: సీఐఎఫ్ 28,000 డాలర్లు, కిరాయి 700, బీమా 60 అయితే ఎఫ్‌ఓబీ 27,240. దీన్ని రూపాయల్లోకి మార్చేటప్పుడు కస్టమ్స్ ప్రకటించిన మారకపు రేటే వాడాలి. బ్యాంకు చెప్పిన రేటు పనికిరాదు, ఫోన్లో చూసిన రేటూ పనికిరాదు. జీఎస్టీ ఇన్వాయిస్‌కూ అదే రేటు.

చివరిగా, ఎల్‌యూటీ మీద ఐజీఎస్టీ చెల్లించకుండా ఎగుమతి చేస్తున్న సరుకు అన్న వాక్యం జీఎస్టీ ఇన్వాయిస్ మీద ఉండాల్సిందే. కొనేవారికి ఒక ఇన్వాయిస్ నంబరు, జీఎస్టీకి మరో నంబరు పెట్టుకోవద్దు. దాని వల్ల వచ్చే చిక్కు మరో ప్రశ్నకు జవాబులో ఉంది.

ప్రశ్న: షిప్పింగ్ బిల్లు వేసేముందు సీహెచ్‌ఏ రాత్రిపూట వాట్సాప్‌లో 'చెక్‌లిస్ట్' పంపి వెంటనే ఓకే చెప్పమంటారు. నాలుగైదు పేజీలుంటుంది. అందులో ఏం చూడాలి?
— విశాఖపట్నం

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ఇదే అన్నిటికన్నా విలువైనది. చెక్‌లిస్ట్ అంటే మీ షిప్పింగ్ బిల్లు ముసాయిదా. మీరు ఓకే అన్న మరుక్షణం అది మీ ప్రకటన అవుతుంది. టైపు చేసింది సీహెచ్‌ఏ ఆఫీసులో కుర్రాడే అయినా కస్టమ్స్ చట్టం ముందు జవాబుదారీ మీరు. ఒరిజినల్ ఇన్వాయిస్ పక్కన పెట్టుకుని, వేలు పెట్టి ఒక్కో గడీ చూడండి. ఇరవై నిమిషాల పని.

పైన మీ పేరు, ఐఈసీ, జీఎస్టీఐఎన్, ఏడీ కోడ్ ఉంటాయి. రెండు రాష్ట్రాల్లో రెండు జీఎస్టీ నంబర్లున్న వారికి ఇక్కడే తప్పు పడుతుంది. ఇన్వాయిస్ ఏ నంబరు మీద రాశారో అదే ఉండాలి. ఆ కింద రేవు కోడ్. విశాఖ ఓడరేవు ఐఎన్‌వీటీజెడ్1, శంషాబాద్ ఎయిర్ కార్గో ఐఎన్‌హెచ్‌వైడీ4, సనత్‌నగర్ ఐసీడీ ఐఎన్‌ఎస్‌ఎన్‌ఎఫ్6. చివరి అంకె 1 అయితే ఓడరేవు, 4 అయితే విమానాశ్రయం, 6 అయితే ఐసీడీ. ఈ కోడ్‌ను కాగితం మీద రాసి పెట్టుకోండి, తర్వాత జీఎస్టీ రిటర్న్‌లోనూ ఇదే వేయాలి.

సరుకు గడిలో అంకె సరిగ్గా ఉండి, దాని పక్కనున్న కొలమానం తప్పుగా ఉండే సందర్భాలు చాలా ఉంటాయి. 14 టన్నులు రాయబోయి '14 కేజీఎస్' అని పడుతుంది. మొత్తం విలువ సరిపోతుంది కాబట్టి కంటికి ఆనదు. కానీ సిస్టమ్ దృష్టిలో మీరు 28,000 డాలర్లకు 14 కిలోల మిర్చి అమ్మారు. విలువ పెంచి చూపారన్న అనుమానంతో బిల్లు పరిశీలనకు వెళుతుంది. కాబట్టి పరిమాణం, కొలమానం, ఒక్క యూనిట్ ధర మూడూ కలిపి చదవండి.

ప్రతి వస్తువు ఎదుటా రోడ్‌టెప్ కావాలా వద్దా అన్న గడి ఉంటుంది. 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ఈ పథకం కింద, ఎగుమతి సరుకు మీద తిరిగిరాని పన్నుల్లో కొంత భాగం మీకు వెనక్కి వస్తుంది. కావాలంటే 'రోడ్‌టెప్ వై' అని ప్రకటించాలి. 'ఎన్' పడితే కావాలని వదులుకున్నట్లే లెక్క. సరుకు వెళ్లాక 'పొరపాటు' అంటే ఒప్పించడం చాలా కష్టం. డ్రాబ్యాక్ కోరితే దాని వరుస సంఖ్య కూడా ఇలాగే చూడండి. ఐజీఎస్టీ గడిలో మీరు ఎల్‌యూటీ మీద పంపుతుంటే ఎల్‌యూటీ అనే ఉండాలి. సరుకు ఏ రాష్ట్రం, ఏ జిల్లాలో పుట్టిందన్నది కూడా ఉంటుంది. మిర్చి పండింది పల్నాడులో అయితే, రేవు చెన్నైలో ఉంది కదా అని చెన్నై వేయనివ్వకండి.

తప్పు ఇక్కడే దొరికితే ఒక్క మెసేజ్‌తో సరిపోతుంది. బిల్లు దాఖలయ్యాక అయితే సవరణకు దరఖాస్తు పెట్టాలి. ఎగుమతికి అనుమతి, అంటే ఎల్‌ఈఓ పడ్డాక కస్టమ్స్ చట్టం సెక్షన్ 149 కింద అడగాలి. అప్పుడు ఎగుమతి నాటికే ఉన్న పత్రాల ఆధారంగానే మార్పు ఒప్పుకుంటారు. తర్వాత రాయించుకున్న లేఖలు నిలవవు. సీహెచ్‌ఏ తొందర పెడితే కంగారు పడకండి. కటాఫ్ (ఓడకు సరుకు అందించాల్సిన గడువు) ఎప్పుడో అడిగి, చెక్‌లిస్ట్ దానికి ఒక రోజు ముందే పంపేలా మాట తీసుకోండి. మంచి సీహెచ్‌ఏలు ఇందుకు సంతోషిస్తారు.

ప్రశ్న: ఐజీఎస్టీ కట్టి ఎగుమతి చేశాం. నెలలు గడిచినా రిఫండ్ రాలేదు. దరఖాస్తు ఎక్కడ పెట్టాలి?
— హైదరాబాద్, సనత్‌నగర్ ఐసీడీ ద్వారా పంపిన ఒక తయారీదారు

విడిగా దరఖాస్తు లేదు. ఐజీఎస్టీ కట్టి పంపిన సరుకుకు షిప్పింగ్ బిల్లే రిఫండ్ దరఖాస్తు. అమ్మకాల రిటర్న్ అయిన జీఎస్టీఆర్-1లోని 6ఏ పట్టికలో మీరిచ్చిన వివరాలు కస్టమ్స్ దగ్గరికి వెళ్లి షిప్పింగ్ బిల్లుతో సరిపోవాలి, పన్ను చెల్లింపు రిటర్న్ జీఎస్టీఆర్-3బీ దాఖలై ఉండాలి, ఓడ లేదా విమాన సంస్థ ఈజీఎం వేసి ఉండాలి. ఈజీఎం అంటే సరుకు నిజంగా దేశం దాటిందని రవాణా సంస్థ ఇచ్చే పట్టిక. ఎక్కడ ఆగిందో ఐస్‌గేట్‌లో కోడ్ రూపంలో కనిపిస్తుంది, మీ సీహెచ్‌ఏను అడిగినా చెబుతారు.

ఎస్‌బీ000 అయితే సరిపోలినట్లే. అయినా డబ్బు రాకపోతే బ్యాంకు ఖాతా ప్రభుత్వ చెల్లింపుల వ్యవస్థ పీఎఫ్‌ఎంఎస్‌లో ధ్రువీకరణ అయిందో లేదో చూడండి. ఎస్‌బీ001 అంటే జీఎస్టీ రిటర్న్‌లో షిప్పింగ్ బిల్లు నంబరో తేదీయో రేవు కోడో తప్పు పడింది. తర్వాతి జీఎస్టీఆర్-1లోని 9ఏ పట్టికలో సరిచేయండి. ఎస్‌బీ002 అంటే ఈజీఎం పడలేదు, షిప్పింగ్ లైన్‌ను వెంటపడి అడగాల్సింది మీరే. ఎస్‌బీ003 జీఎస్టీ నంబర్ల తేడా.

మీలా ఐసీడీ నుంచి పంపేవారికి ఎక్కువగా పడేది ఎస్‌బీ006. సనత్‌నగర్‌లో సరుకు రైలెక్కింది, అక్కడి పట్టిక పడింది. కానీ ఓడ ఎక్కిన రేవులో వేయాల్సిన గేట్‌వే ఈజీఎం దానితో కలవలేదు. కంటైనర్ నంబరు, పెట్టెల లేదా బస్తాల సంఖ్య రెండు చోట్లా ఒకేలా ఉన్నాయా అని చూసి, షిప్పింగ్ లైన్ చేత సరిచేయించాలి. హైదరాబాద్‌లో కూర్చుని జీఎస్టీ అధికారిని ఎంత అడిగినా ఇది తెగదు.

ఎస్‌బీ005 ఇన్వాయిస్ నంబర్ల తేడా. జీఎస్టీ రిటర్న్‌లో ఒక నంబరు, షిప్పింగ్ బిల్లులో కొనేవారికిచ్చిన వాణిజ్య ఇన్వాయిస్ నంబరు. జీఎస్టీలోనే తప్పు పడితే 9ఏలో సవరించవచ్చు. షిప్పింగ్ బిల్లులో తప్పు పడితే మాత్రం రెండు ఇన్వాయిస్‌ల పోలిక పట్టిక తయారు చేసి కస్టమ్స్ అధికారికి ఇవ్వాలి. ఆయన చూసి సరిపోల్చితేనే కదులుతుంది. గీతలు, ఖాళీలు, ముందున్న సున్నాలు కూడా తేడాగానే లెక్క. '015'కు '15' సమానం కాదు. నంబరు వీలైనంత సాదాగా పెట్టుకోండి.

ప్రశ్న: మా అమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది. ఇంట్లో పెట్టిన ఆవకాయ, కొట్టులో కొన్న కందిపొడి, అప్పడాలు, రెండు పట్టుచీరలు పంపాలి. కొరియర్ దుకాణంలో 'ఫుడ్ ఐటమ్స్, గిఫ్ట్, 500 రూపాయలు' అని రాస్తామంటున్నారు. పర్వాలేదా?
— విజయవాడ నుంచి ఒక తల్లి

అలా రాయనివ్వకండి అమ్మా. రెండు పట్టుచీరలున్న పెట్టె 500 రూపాయలంటే స్కానర్ ముందు కూర్చున్న ఎవరూ నమ్మరు. పెట్టె పోతే పరిహారం కూడా ఆ 500 మీదే లెక్క కడతారు.

ఒక్కో వస్తువుకు ఒక్కో వరుస రాయించండి. మామిడికాయ పచ్చడి, నూనెలో, ఇంట్లో చేసింది, 2 కిలోలు. కందిపొడి, కంపెనీ ప్యాకెట్, అర కిలోవి 2. పట్టుచీరలు, 2. ఒక్కో వరుస ఎదుట నిజమైన విలువ. చీరల బిల్లు ఉంటే నకలు జత చేయండి. అమ్మినవి కావు కాబట్టి కొరియర్ వారు మన కస్టమ్స్‌కు వేయాల్సింది బహుమతులు, శాంపిళ్ల కోసం ఉన్న సీఎస్‌బీ-4. అమ్మకం సరుకుకైతే సీఎస్‌బీ-5. పోస్టాఫీసు ద్వారా అయితే పెట్టె మీద సీఎన్22, విలువ ఎక్కువైతే సీఎన్23 నింపుతారు. అందులోనూ రాయాల్సిన వివరాలు ఇవే.

అమెరికాలో తిండి పదార్థాల మీద అక్కడి ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ తనిఖీ ఉంటుంది. సరుకు చేరేముందే 'ప్రయర్ నోటీస్' అనే ముందస్తు సమాచారం ఇవ్వాలి. ఒక వ్యక్తి తన ఇంట్లో చేసి మరో వ్యక్తికి కానుకగా పంపేదానికి ఇది అక్కర్లేదు. అందుకే ఆవకాయ ఎదుట ఇంట్లో చేసిందన్న మాట ఉండాలి. కొట్టులో కొన్న కందిపొడి, అప్పడాలు ఈ మినహాయింపులోకి రావు. కొరియర్ వారే నోటీసు వేస్తారా అని అడిగి, దాని ధ్రువీకరణ నంబరు తీసుకోండి.

కొన్ని అసలు పెట్టొద్దు. మాంసం పచ్చళ్లు, పచ్చి కరివేపాకు, బియ్యం. కరివేపాకు మీద నిమ్మ జాతి చెట్లకు సోకే తెగులును మోసే పురుగు ఉంటుందని, బియ్యంలో ఖాప్రా పురుగు వస్తుందని వాళ్ల భయం. ఒక్క కట్ట కరివేపాకు కోసం చీరలున్న పెట్టె మొత్తం ఆగిపోవచ్చు.

ఇంకోటి. 800 డాలర్లలోపు పార్శిళ్లకు అమెరికాలో సుంకం ఉండదన్న మాట ఇప్పటికీ కొన్ని దుకాణాల్లో చెబుతున్నారు. ఆ వెసులుబాటు 2025 ఆగస్టు 29 నుంచి లేదు. సుంకం పడితే మీరు కడతారా, అమ్మాయి కడుతుందా అన్నది పంపేముందే కొరియర్ వారితో రాతపూర్వకంగా తేల్చుకోండి.

ప్రశ్న: ఏటికొప్పాక లక్కబొమ్మలకు అమెరికా నుంచి, జర్మనీ నుంచి ఆర్డర్లు వచ్చాయి. 'చెక్క అలంకరణ వస్తువులు' అని రాస్తే పరీక్షల గొడవ ఉండదని ఒకరు సలహా ఇచ్చారు. నిజమేనా?
— అనకాపల్లి జిల్లా

ఆ సలహా ప్రమాదకరం. పిల్లలు ఆడుకునే బొమ్మ హెచ్‌ఎస్ కోడ్ 9503 కిందికి, అల్మారాలో పెట్టుకునే చెక్క అలంకరణ వస్తువు 4420 కిందికి వస్తాయి. తేల్చేది కాగితం మీది పేరు కాదు, వస్తువే. గిరగిరా తిరిగే బొంగరం, తాడు కట్టి లాగే బండి ఆట వస్తువులే. డబ్బా మీద పసిపాప బొమ్మ వేసి కాగితంలో 'డెకరేటివ్' అని రాస్తే తప్పుడు ప్రకటన కింద పట్టుకుంటారు.

అమెరికాలో 12 ఏళ్లు, అంతకన్నా తక్కువ వయసు పిల్లల వస్తువు పైపూతలో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90), లోపలి పదార్థంలో 100 పీపీఎం దాటకూడదు. అక్కడి వినియోగ భద్రతా సంస్థ ఒప్పుకున్న ల్యాబులో పరీక్ష జరగాలి. పిల్లల వస్తువు సర్టిఫికెట్ రాయాల్సింది అక్కడి దిగుమతిదారు, ల్యాబు నివేదిక మాత్రం మీరిస్తారు. జర్మనీకైతే ఈఎన్ 71 అనే బొమ్మల భద్రతా పరీక్షలు, ఐరోపా నియమాలకు తగినట్లుందని చెప్పే సీఈ గుర్తు. లక్కలో కలిపేవి మొక్కల నుంచి తీసిన రంగులైతే మీకు అది పెద్ద బలం. కానీ 'సహజ రంగులు' అని రాస్తే చాలదు, నివేదిక ఉండాలి. రంగుకు ఒక నమూనా చొప్పున ఇవ్వండి. ఎరుపు పాసైనంత మాత్రాన పసుపు పాసైనట్లు కాదు.

అమెరికా కొనుగోలుదారు చెట్టు శాస్త్రీయ నామం అడుగుతారు, అక్రమంగా కొట్టిన కలపను అడ్డుకునే వాళ్ల లేసీ చట్టం కోసం. 'వుడ్' అని రాస్తే కుదరదు. అంకుడు చెక్క అయితే రైటియా టింక్టోరియా అని, కొట్టిన దేశం భారత్ అని రాయండి. కొండపల్లి వారు తెల్ల పొణికి వాడతారు, వారు గివోషియా మొలుక్కానా అన్న పేరు రాయాలి.

బొమ్మల కన్నా ఎక్కువగా ఇబ్బంది పెట్టేది కింద పెట్టే చెక్క ప్యాలెట్. 6 మిల్లీమీటర్ల కన్నా మందమున్న పచ్చి చెక్కను లోపలి భాగం 56 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉండేలా వేడి చేసి, అంతర్జాతీయ మొక్కల రక్షణ ఒప్పందమైన ఐపీపీసీ గోధుమ కంకి ముద్ర వేయాలి. ముద్రలో దేశం కోడ్, 'హెచ్‌టీ' అక్షరాలు ఉంటాయి. ప్లైవుడ్‌కు ఇది అక్కర్లేదు. తరచూ జరిగే పొరపాటు ఏంటంటే, ముద్రున్న ప్యాలెట్‌లో ఒక పలక విరిగితే వడ్రంగి చేత మామూలు పలక కొట్టిస్తారు. ఆ ఒక్క పలకతో ప్యాలెట్‌కు ముద్ర చెల్లనట్లే. మొత్తం సరుకు ఆపి, మీ ఖర్చుతో వెనక్కి పంపమంటారు.

ప్రశ్న: స్థూల బరువు ఇచ్చాక మళ్లీ వీజీఎం ఎందుకు అడుగుతారు?
— కాకినాడ

రెండూ ఒకటి కాదు. వీజీఎం అంటే సరుకు, బస్తాలు, లోపల వేసిన అట్టలు, కంటైనర్ సొంత బరువు అన్నీ కలిపి. 2016 జూలై 1 నుంచి ఇది లేకుండా కంటైనర్‌ను ఓడ ఎక్కించరు. పై లెక్కలోని మిర్చి 14,224 కిలోలు, అట్టలు 60, తలుపు మీద రాసి ఉన్న ఖాళీ కంటైనర్ బరువు 3,900 అనుకుంటే 18,184 కిలోలు. తలుపు మీది అంకెను ఫోటో తీసి పెట్టుకోండి. ఒక్కో కంటైనర్‌కు ఒక్కోలా ఉంటుంది, పాత సరుకు అంకె వాడకండి.

ప్రశ్న: ఎల్‌సీ (కాగితాలు సరిగ్గా ఉంటే డబ్బు ఇస్తామన్న బ్యాంకు హామీ) మీద పంపాం. సరుకు బాగానే చేరింది, బ్యాంకు మాత్రం కాగితాల్లో తేడా ఉందని డబ్బు ఆపింది. ఇది న్యాయమేనా?
— భీమవరం

బ్యాంకు సరుకు చూడదు, కాగితాలే చూస్తుంది. ఎల్‌సీలకు బ్యాంకులు పాటించే అంతర్జాతీయ యూసీపీ 600 నియమాల ప్రకారం ఇన్వాయిస్‌లో సరుకు వివరణ ఎల్‌సీలోని వివరణతో పొసగాలి. ఎల్‌సీలో 'ఫ్రోజెన్ వన్నామీ ష్రింప్, తల లేనివి' అని ఉంటే మీ ఇన్వాయిస్‌లోనూ అలాగే రాయండి, అందంగా మార్చకండి. ఎల్‌సీలో వేరే గడువు లేకపోతే ఓడ ఎక్కిన 21 రోజుల్లో కాగితాలు బ్యాంకుకు చేరాలి. బ్యాంకు చూడటానికి 5 పనిదినాలు తీసుకుంటుంది. గడువు మిగిలి ఉంటే సరిచేసి మళ్లీ ఇవ్వచ్చు. లేదంటే తేడాలు ఒప్పుకుంటున్నట్లు కొనేవారి చేత బ్యాంకుకు చెప్పించాలి. సరుకు బాగా చేరింది కాబట్టి మీ కొనుగోలుదారు ఒప్పుకునే అవకాశం ఉంది, ఈరోజే అడగండి. తర్వాతి ఎల్‌సీ చేతికి రాగానే, సరుకు ప్యాక్ చేయకముందే చదివి, పాటించలేని షరతుంటే అప్పుడే సవరణ కోరండి.

ప్రశ్న: పంపిన సరుకు కొంత తిరస్కరించి వెనక్కి పంపుతున్నారు. మన సరుకే కదా, మళ్లీ దిగుమతి సుంకం కట్టాలా?
— నిజామాబాద్ పసుపు వ్యాపారి

మీరు పంపిన సరుకే 3 ఏళ్లలోపు, రూపం మారకుండా తిరిగి వస్తే 45/2017 కస్టమ్స్ నోటిఫికేషన్ కింద మినహాయింపు అడగవచ్చు. ఎగుమతి మీద పొందిన డ్రాబ్యాక్, రిఫండ్ లాంటివి మాత్రం తిరిగి కట్టాలి. ఎల్‌యూటీ మీద పంపి ఉంటే అప్పుడు కట్టని పన్ను ఇప్పుడు కట్టాలి. ఇది అదే సరుకు అని అధికారిని నమ్మించడమే ఇక్కడ అసలు పని. పాత షిప్పింగ్ బిల్లు, ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు, బీఎల్, ఎందుకు తిరస్కరించారో కొనేవారు రాసిన లేఖ జత చేయండి. బస్తా మీద లాటు నంబరు, వరుస సంఖ్య ఉంటే సులువుగా తేలుతుంది. ఏ గుర్తూ లేని తెల్ల బస్తాల్లో పంపినవారికి నిరూపించడం కష్టమవుతుంది. అక్కడ కంటైనర్ ఎక్కించే ముందు ఆ గుర్తులు కనిపించేలా బస్తాల ఫోటోలు తీసి పంపమని కొనేవారిని ఇప్పుడే అడగండి.